కుక్క మీదికొస్తే నవ్వకండి

మా మరిది మహేందర్‌ను నలుగురి ముందు నవ్వులపాలు చేసేదాకా నా కడుపుమంట చల్లారదని, వినాయకుల నిమజ్జనం అయిన మరుసటి వారం ఒట్టు పెట్టుకున్నాను. దసరా నాడు ఆ ఒట్టు తీర్చుకున్నాను. నేను మాటలు పడని మనిషినేం కాదు. ఇరవై ఏళ్ల నుంచి బతుకమ్మ పండుగకు జాకెట్లు కుడుతున్న ఆడదాన్ని, ఎందరి చేత ఎన్ని మాటలు పడి ఉంటానో మీరే అనుకోండి. అవన్నీ సాయంత్రానికి మరిచిపోతాను. జానీ పాషా మాస్టర్‌కు మా ఇంట్లో జరిగింది మాత్రం మరిచిపోయేది కాదు.

ముందు కుక్క సంగతి చెప్పాలి. పేరు కాజు, రంగు కూడా అదే. ఎనిమిది నెలల మగ కుక్కపిల్ల. మహేందర్ ఎవరి దగ్గరో తెచ్చి డిగ్రీ చదివే మా రిషిత చేతిలో పెట్టాడు. ఇక చూడండి, ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువ. తిండి దగ్గర పేచీ లేదు, ఇల్లు పాడు చేయడు, కరవడు. ఒక్కటే పాడు బుద్ధి. ఇంటికి ఎవరైనా వస్తే సంతోషం పట్టలేడు. రెండుసార్లు చుట్టూ తిరుగుతాడు, ఆ తర్వాత వచ్చినవాళ్ల కాలిని ముందుకాళ్లతో చుట్టేసుకుని, మీదెక్కి నడుము ఊపడం మొదలుపెడతాడు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినతని కాలు మొదటిసారి ఎక్కినప్పుడు మేమంతా పడీపడీ నవ్వాం. మహేందర్ అయితే ప్రతి ఆదివారం వచ్చి కుర్చీలో కూర్చుని, కాలు చాపి, "రారా బిడ్డా, దమ్ముంటే రా" అని పిలిచేవాడు. వాడు ఎక్కడం, ఇతను తోసెయ్యడం, వాడు మళ్లీ ఎక్కడం. అదొక ఆట.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మా వీధి ముసలి కొండవ్వ జాకెట్టు కొలత సరిచూసుకోవడానికి వచ్చి కూర్చుంది. మహేందర్ వాళ్ల అన్న కోసం వచ్చాడు. మా ఆయన బస్సు డ్యూటీ నుంచి ఇంకా దిగలేదు. అప్పుడు వచ్చాడు మాస్టర్.

ఆయన గురించి రెండు మాటలు. నంగునూరు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఆయన దుకాణంలో, ఆయన పక్క మిషన్ మీద కూర్చోబెట్టి, చేతిలో చేయి పెట్టి కత్తిరింపు నేర్పాడు. ఆయన నేర్పిన పనే మా ఇంట్లో అన్నమైంది. ఆ రోజు జుమ్మా నమాజుకు పోతూ, ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ పైజమాలో, చంకలో చిన్న గుడ్డ మూటతో గడప దగ్గర నిలబడ్డాడు.

"స్వరూపా బేటీ, రెండు నిమిషాలే. నమాజుకు టైమైతుంది" అన్నాడు.

అంతే, పెరట్లోంచి కాజు దూసుకొచ్చాడు. మాస్టర్‌కు డెబ్బై దగ్గర పడ్డాయి, కళ్లకు శుక్లాలు. ఏమొచ్చి కాలికి చుట్టుకుందో కూడా ఆయనకు ముందు తెలియలేదు. మిషన్ బల్ల పట్టుకుని ఒక్క కాలు మీద ఊగిపోయాడు. నెత్తి మీది టోపీ కింద పడింది. "అరె, అరె! పట్టుకో బేటీ, జర పట్టుకో!" అంటున్నాడు. మహేందర్ ఫోన్ తీసి పట్టుకున్నాడు. గది నిండా నవ్వులు. ఎంతసేపటికో నేను లేచి కాజు మెడ పట్టెడ దొరకబుచ్చుకుని ఇవతలికి లాగాను.

మాస్టర్ వంగి తడుముకుంటూ టోపీ తీసుకున్నాడు. పైజమా మోకాలి దాకా కుక్క చొంగ. ఆ బట్టలతో నమాజుకు పోయే మనిషి కాడు. చంకలో మూట సర్దుకుని, వచ్చిన దారినే ఇంటికి పోయాడు. ఎందుకు వచ్చిందీ చెప్పలేదు.

సాయంత్రానికి ఆ వీడియో కాలనీ గ్రూపులో ఉంది. కింద మహేందర్ రాసిన రాత: 'టైలర్ మాస్టర్‌కే కొలతలు తీస్తున్న కాజు.' దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. రిషిత చూపించబోతే ఫోన్ లాక్కుని దాని సౌండ్ నొక్కేసి, మూగగా సగం చూసి ఇచ్చేశాను. మాస్టర్ టోపీ కింద పడే చోటికి రాగానే నాకు ఒళ్లు మండిపోయింది.

మహేందర్‌కు ఫోన్ చేశాను. "గా వీడియో తీసెయ్."

"అరే వదినా, జోక్ గదా. నలుగురు నవ్వుకున్నరు, గంతే."

"పెద్దమనిషి. నాకు పని నేర్పినాయన."

"గందుకే గద అందరికి అంత నవ్వొచ్చింది!"

రెండు రోజుల తర్వాత తీసేశాడులెండి. అప్పటికి అది ఊరు చుట్టొచ్చింది. చాయ్ హోటల్లో ఎవడో "ఏం మాస్టర్, కొలతలిచ్చినవట?" అని అడిగాడని, ఆయన కప్పు సగంలో వదిలేసి లేచి వచ్చాడని తెలిసింది.

మూడో రోజు నేనే వాళ్లింటికి పోయాను. మాస్టర్ భార్య షమ్షున్నీసా చాచీ తలుపు సగం తెరిచి అక్కడే నిలబడింది. ఇరవై ఏళ్లలో ఆమె నన్ను గడప అవతల నిలబెట్టడం అదే మొదటిసారి.

"మాస్టర్ ఉన్నడా చాచీ?"

"పండుకున్నడు బేటీ."

లోపల మిషన్ టకటకా నడుస్తూనే ఉంది. ఆమెకూ వినపడుతోంది, నాకూ వినపడుతోంది. పోబోతుంటే ఆమే అంది: "గా దినం ఆయన కత్తెర పట్టుకొని వచ్చిండు. పెద్ద కత్తెర. చెయ్యి వణుకుతుంది, ఇగ నాతోటి కాదు, స్వరూపకు ఇచ్చేస్త అన్నడు. కన్నకొడుకు ఇర్షాద్‌ను గూడ ముట్టనియ్యలే దాన్ని. పొద్దుగాల లేసి నూనె వెట్టి తుడిసిండు. పో బేటీ, ఎండ వడ్తుంది."

ఆ మూటలో ఏముందో అప్పుడు తెలిసింది. ఇంటికి వచ్చేదాకా పళ్లు నూరుతూనే ఉన్నాను. ప్రతి దసరాకూ మాస్టర్ మా ఇంటికి వస్తాడు. నేను జమ్మి ఆకు ఆయన చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాను, ఆయన నా నెత్తి మీద చేయి పెడతాడు. ఇరవై దసరాల్లో ఒక్కటి తప్పలేదు. ఈ దసరాకు రాడా? మహేందర్ జోకు వల్ల రాడా? చేస్తాను, వాడికీ చేస్తాను, ఆ వీడియోనే వాడి మీద తీస్తాను, అదే గ్రూపులో పెడతాను అనుకున్నాను. ఒట్టు అప్పుడు పెట్టుకున్నదే.

ముందు కుక్కను దారికి తేవాలి. బతుకమ్మ దగ్గర పడింది, పొద్దుట్నుంచి రాత్రి దాకా ఆడవాళ్లు వచ్చిపోతుంటారు. ఇద్దరు అప్పటికే జాకెట్టు గుడ్డలు వాపసు పట్టుకుపోయారు. పశువుల దవాఖానలో కాంపౌండర్ నర్సింహకు కుక్కల సంగతి బాగా తెలుసు. కాజును ఆటోలో వేసుకుని తీసుకుపోయాను.

"ఆపరేషన్ చేపిస్తె జర తగ్గుతది అక్కా, ఏడాది నిండినంక చేద్దాం" అన్నాడు నర్సింహ. "గని గిది ఆ పాడు ఆలోచన గాదు. పోరనికి సంబురం ఎక్కువైతుంది, ఏం జెయ్యాల్నో తెల్వక ఎక్కుతుండు. ఎక్కినప్పుడు మీరేం జేస్తున్నరు?"

"తోసేస్తున్నం."

"నవ్వుతున్నరా?"

"మా మరిది నవ్వుతడు."

"ఆయన ఒక్కడేనా?"

"నవ్వితే ఏమైతది? కుక్కకేం తెలుస్తది?" అని కసురుకున్నాను.

"దానికి నవ్వుడంటే సప్పట్లు గొట్టినట్టే అక్కా. తోసుడంటే ఆటకు పిలిసినట్టే. ఎక్కంగనే చెట్టు లెక్క నిలబడాలె. మొహం తిప్పుకోవాలె. అరవొద్దు, నవ్వొద్దు. దిగి కింద కూసున్నప్పుడే రొట్టెముక్క వెట్టి మంచిగ మాట్లాడాలె. ఎవరన్న వస్తున్నరంటే ముందుగాల బయట తిప్పుకరా, పట్టెడకు తాడు ఉంచు. ఇంట్ల అందరు ఒక్క తీర్గనే ఉండాలె. ఒక్కరు నవ్వినా మొదటికే వస్తది."

ఆటోలో తిరిగి వస్తూ ఆ ఆఖరి మాటనే నములుతూ కూర్చున్నాను. నవ్వకపోతే దిగుతాడు. నవ్వితే ఎక్కుతాడు. అయితే, ఎవరి మీద ఎక్కాలో నేను నేర్పవచ్చన్నమాట! కాజు నా ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు. వాడి చెవులు నిమురుతుంటే ఎన్నాళ్లకో నా మనసు తేలికపడింది.

మరుసటి రోజే గేటుకు ఒక అట్టముక్క కట్టాను. చాక్‌పీసుతో కాదు, పెద్ద మార్కరుతో రిషిత రాసింది: 'కుక్క మీదికొస్తే నవ్వకండి. కదలకండి. మొహం తిప్పుకోండి.'

"ఇదేం బోర్డే స్వరూపా? కుక్క ఉన్నది జాగ్రత్త అని రాస్తరు గని!" అని వచ్చినవాళ్లందరూ అడగడమే. నవ్వొద్దంటే ఇంకా నవ్వు వస్తుంది మనుషులకు. కొండవ్వయితే కాజును చూడకముందే కిసుక్కుమనేది.

"పెద్దవ్వా, నవ్వితే నీ జాకెట్టు దసరా వెళ్లినంకనే ఇస్త."

"అమ్మో! నవ్వ బిడ్డా" అని కొంగు నోట్లో కుక్కుకుని గోడకు తిరిగేది.

పొద్దున, సాయంత్రం రిషిత కాజును కోమటి చెరువు దాకా తిప్పుకొచ్చేది. జొన్నరొట్టెను వేలిగోరంత ముక్కలు చేసి మిషన్ సొరుగులో పెట్టుకున్నాను. గేటు చప్పుడైతే "కూసో". కూర్చుంటే ముక్క. కాలెక్కితే గది గదంతా మూగనోము పట్టినట్టు గోడలకు తిరిగేది. మొదటి నాలుగు రోజులు ప్రాణం విసిగిపోయింది. పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ వచ్చేసరికి గేటు చప్పుడు వినగానే వాడంతట వాడే వచ్చి నా ముందు కూర్చుని సొరుగు వైపు చూడటం మొదలైంది. వాపసు పోయిన ఇద్దరూ గుడ్డలు పట్టుకుని మళ్లీ వచ్చారు.

సరిగ్గా అప్పుడు మహేందర్ తెల్లప్యాంటు తెచ్చి బల్ల మీద పడేశాడు. "దసరాకు గావాలె వదినా. పొట్ట పెరిగింది. నడుము రెండించులు వదులు జెయ్యి."

"చేస్తలే, పెట్టిపో."

"ముసలాయన ఇంకా అలకేనా? గంత పట్టింపు అయితదా ఎవరికన్న? జోక్ గూడ తెల్వదు."

నేను టేపు మెడలో వేసుకుని, పిన్నులు నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను. పిన్నులు లేకపోతే ఏం అనేదాన్నో నాకే తెలియదు. వాడు గేటు దాటగానే నడుము కుట్లు విప్పి, గంటలో పని ముగించాను. ఆ తర్వాత అసలు పని మొదలుపెట్టాను. మూల సంచిలో ఉన్న జాకెట్ల కత్తిరింపు ముక్కలన్నీ ఆ ప్యాంటు కాళ్లలో కూరాను. అడుగున తాడు బిగించి, కుర్చీకి ఆనించి నిలబెట్టాను. అచ్చం మా మరిదే! తల ఒక్కటే తక్కువ.

"కాజూ, రారా బిడ్డా, దమ్ముంటే రా" అని నవ్వుతూ చప్పట్లు కొట్టాను.

కాజు నన్నూ చూశాడు, ప్యాంటునూ చూశాడు. ఇన్నాళ్లూ వద్దన్నది ఇప్పుడు రమ్మంటోంది ఈమె, మతి ఉందా అన్నట్టు చూశాడు. నేను ఇంకా గట్టిగా నవ్వాను. వాడు లేచాడు.

"మమ్మీ, గిది గలత్ గాదా?" అంది రిషిత. "నర్సింహన్న చెప్పిందానికి మొత్తం ఉల్టా."

"నోరు మూసుకొని నవ్వు."

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ దాకా రోజూ ఇదే. పగలంతా వచ్చినవాళ్ల దగ్గర నవ్వకుండా కూర్చోబెట్టడం, సాయంత్రం ప్యాంటు నిలబెట్టి నవ్వడం. నవ్వితే ఆ తెల్లకాలు మీద ఎక్కాలి, నవ్వకపోతే కూర్చోవాలి. కాజుకు ఈ భేదం ఎంత బాగా పట్టుబడిందంటే, ఎక్కేముందు నా మొహంలోకి చూసి ఆగేవాడు. నేను నవ్వేదాకా కదిలేవాడు కాదు. ఆ ప్యాంటును ఉతకకుండా, పైపైన ఇస్త్రీ చేసి మడతపెట్టి పంపించాను.

ఈసారి దసరా గాంధీ జయంతి నాడే వచ్చింది. మటన్ దుకాణాలు మూసేస్తారని మా ఆయన ముందు రోజే తెచ్చాడు. నేను వండుతున్నాను కానీ మనసు గేటు మీదే ఉంది. మాస్టర్ ఏటా సాయంత్రం అసర్ నమాజు కాగానే వస్తాడు. ఆ వేళ అయింది, దాటింది. జమ్మి దగ్గరికి పోయినవాళ్లు తిరిగి వస్తున్నారు. వీధిలో అందరూ ఒకరినొకరు కౌగిలించుకుని అలయ్ బలయ్ తీసుకుంటున్నారు. మాస్టర్ రాలేదు. ఆయన రాకపోయిన కొద్దీ నా పంతం ఇంకా బిగిసింది.

మహేందర్ వచ్చాడు. వెంట నలుగురు దోస్తులు, అందరివీ తెల్లబట్టలే. పక్కింటివాళ్లు, కొండవ్వ, మా ఆయన వైపు చుట్టాలు ముందరి గదిలో ఉన్నారు. రిషిత తలుపు పక్కన ఫోన్ పట్టుకుని నిలబడింది.

"వదినా, బంగారం" అని జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, కాళ్లు మొక్కడానికి వంగాడు.

కాజు లేచి నిలబడ్డాడు. ఆ ప్యాంటును వాసన చూశాడు. నా మొహంలోకి చూశాడు.

నేను పకపకా నవ్వాను.

ఏం చెప్పమంటారు! వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయాడు. లేవబోతే ఇంకా గట్టిగా పట్టుకున్నాడు కాజు. తోస్తే ఆట అనుకున్నాడు. మహేందర్ గోడ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతున్నాడు. "అరే వదినా! పట్టుకో! పట్టుకో జర!" దోస్తులు నలుగురూ పొట్టలు పట్టుకున్నారు, వాళ్లలో ఒకడు వాడి ఫోన్‌లో కూడా తీసుకున్నాడు. కొండవ్వ రెండు వారాల నవ్వు ఒక్కసారే నవ్వింది. నేను ఎంతసేపు నవ్వానో నాకే తెలియదు. కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వి, అప్పుడు పోయి పట్టెడ పట్టుకున్నాను.

మహేందర్ మొహం కందగడ్డయింది. "మంచి పని జేసినవ్ వదినా" అని, మటన్ కూడా ముట్టకుండా పోయాడు. "పండుగ పూట తమ్ముడు తినకుండ పోయిండు" అని మా ఆయన గొణిగాడు. నేను వినిపించుకోలేదు. ఇరవై రోజుల మంట చల్లారింది. ఒట్టు ప్రకారం గ్రూపులో పెట్టాల్సింది అప్పుడే. కానీ ముందు చూడాల్సినవాళ్లు ముందు చూడాలి కదా. జమ్మి ఆకు, ఫోన్ పట్టుకుని మాస్టర్ ఇంటికి నడిచాను.

పొద్దు గూకాక చేసే మగ్రిబ్ నమాజు అప్పుడే అయినట్టుంది. షమ్షున్నీసా చాచీ ఈసారి తలుపు పూర్తిగా తెరిచింది. "దసరా గద, ఆయన వాకిలి దిక్కే చూస్తుండు. రా బేటీ."

మాస్టర్ మిషన్ పక్కన కూర్చుని ఉన్నాడు. జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కాను. ఆకును తడిమి, కళ్లకు అద్దుకుని జేబులో వేసుకున్నాడు. నెత్తి మీద చేయి పెట్టాడు. నాకు ఆగలేదు.

"మాస్టర్, మీకు ఒకటి తెచ్చిన. మహేందర్‌ది. ఆ నాడు మీకు జేసింది ఇయ్యాల వానికి నేను జేసిన. చూడండ్రి."

"నాకు ఏడ కనబడ్తది బేటీ. పండుగలైనంక ఆపరేషన్ అన్నరు. సౌండ్ పెట్టు, వింట."

ఫోన్ ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను. మహేందర్ అరుపులు, దోస్తుల కేకలు. ఆయన మొహం ఎప్పుడు విచ్చుకుంటుందా అని చూస్తున్నాను. విచ్చుకోలేదు. "ఇంగోసారి పెట్టు" అన్నాడు. పెట్టాను. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"గిది నీ నవ్వు గద బేటీ?"

"అవును మాస్టర్!" అన్నాను గొప్పగా.

"గా వీడియోల గూడ గిదే ఉన్నది."

నాకు అర్థం కాలేదు. చాచీ ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయింది.

"గా దినంది నేను చూడలే, కనబడితే గద. ఇర్షాద్ ఫోన్ల విన్న" అన్నాడు మాస్టర్, నిదానంగా. "మహేందర్ నవ్విండు. ఎవరో ముసలామె నవ్వింది. వాళ్లు నాకెవరు? నవ్వుకోనీ. ఎన్నేండ్లు నా పక్కపొంటి కూసొని కుట్టినవ్ నువ్వు, నీ నవ్వు నాకు ఎరుక లేదా?"

"నేను పట్టుకున్న గద మాస్టర్, నేనే గద గుంజింది కాజును" అన్నాను.

"పట్టుకున్నవ్. నవ్వుడు అయిపోయినంక."

లేదనడానికి నోరు తెరిచాను కానీ ఆ మధ్యాహ్నం మొత్తం నా కళ్ల ముందుకు వచ్చింది. ఒంటికాలి మీద ఊగుతున్న మాస్టర్, ఆయన "పట్టుకో బేటీ" అంటుంటే మిషన్ మీద తల ఆనించి నవ్వు ఆపుకోలేక ఊగిపోతున్న నేను. ఇన్ని రోజులూ ఆ నవ్వునంతా మహేందర్ నోట్లోనే పెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఏడ్చాను కూడా.

ఆయన వద్దనలేదు, ఓదార్చలేదు. నేను ముక్కు తుడుచుకున్నాక అడిగాడు: "కుక్క ఇప్పుడెట్లున్నది?"

"నవ్వకుంటె ఏమనడు మాస్టర్. చెట్టు లెక్క నిలబడితే కూసుంటడు."

"రేపు జుమ్మా. నమాజుకు పోయేటప్పుడు వస్త, చూస్త."

ఇల్లు చేరగానే రిషితను నిలదీశాను. "ఆ వీడియోల నా నవ్వు ఉన్నదని నీకు ఎరుకేనా?"

"అందరికి ఎరుకే మమ్మీ. నువ్వే సౌండ్ తీసేసినవ్." అని, నా గుండెలో రాయి పడే మాట అంది: "మాస్టర్ తాత తెల్లపైజమాల వస్తడు గదా?"

తెల్లకాలు! వారం రోజులు కాజుకు నేను నేర్పిందేమిటి? తెల్లకాలు కనిపిస్తే ఎక్కమని. చేజేతులా నేర్పాను. మళ్లీ అట్లా జరిగిందంటే ఆయన ఈ జన్మలో మా గడప తొక్కడు.

పొద్దున్నే రిషిత కాజును రెండుసార్లు చెరువు చుట్టూ తిప్పుకొచ్చింది. "పెరట్ల కట్టేద్దాం మమ్మీ" అంది. కట్టేయవచ్చు. కానీ ఆయన చూస్తానన్నది కుక్కను ఒక్కదాన్నే కాదని నాకు తెలుసు. పట్టెడకు తాడు కట్టి, కొస నా చేతికి చుట్టుకున్నాను. కొండవ్వ ఏదో వంకతో వచ్చి కూర్చుంది. "నీకు పుణ్యముంటది పెద్దవ్వా, ఇయ్యాల నవ్వకు" అని దండం పెట్టాను. ఆమె ముందుగానే కొంగు నోట్లో పెట్టుకుంది.

గేటు చప్పుడైంది. తెల్ల లాల్చీ, తెల్ల పైజమా, చంకలో గుడ్డ మూట. మాస్టర్ గడప దాటి, చెప్పినట్టే చెట్టులా నిలబడ్డాడు. కాజు లేచాడు. పైజమాను వాసన చూశాడు. ఒక ముందుకాలు ఎత్తి మాస్టర్ మోకాలి మీద పెట్టాడు. పెట్టి, నా మొహంలోకి చూశాడు.

దేవుడి మీద ఒట్టు, నాకు నవ్వు వచ్చింది. భయంతో వచ్చిందో, పాపిష్టి బుద్ధితో వచ్చిందో, గొంతు దాకా వచ్చింది. చెంప లోపల గట్టిగా కొరికి మొహం గోడకు తిప్పుకున్నాను. క్యాలెండర్‌లో తారీఖులు చదవడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. తాడు చేతిలో వదులుగానే ఉంది. లాగలేదు. ఏడు దాకా చదివేసరికి వెనక నేల మీద మెత్తగా చప్పుడైంది.

"కూసున్నడు బేటీ" అన్నాడు మాస్టర్.

సొరుగులోంచి రొట్టెముక్క తీసి పెట్టాను. మాస్టర్ తడుముకుంటూ బల్ల దగ్గరికి వచ్చి మూట విప్పాడు. నల్ల పిడుల పెద్ద కత్తెర, నూనె పెట్టి తుడిచి ఉంది. బల్ల మీద నా వైపు జరిపాడు.

"నవ్వొచ్చిందా?" అని అడిగాడు.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "వచ్చింది మాస్టర్. మింగిన."

"నాకు గూడ" అని ఆయన ఒక్కసారిగా నవ్వేశాడు. కాజు చెవులు నిక్కబొడుచుకుని లేచాడు.

"మాస్టర్, నవ్వకుండ్రి! నవ్వకుండ్రి!" అని నేనూ రిషితా ఒకేసారి అరిచాం. ఆయన గబుక్కున నోటికి చేయి అడ్డం పెట్టుకుని, ఆ చేయి తీయకుండానే నమాజుకు బయలుదేరాడు. పైజమాకు మరక లేదు.

ఇప్పుడు ఆ కత్తెరతోనే కత్తిరిస్తున్నాను. మహేందర్ నెల రోజులకు మళ్లీ మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు, నల్లప్యాంటులో. వాడి మీద నా కోపం పూర్తిగా పోయిందంటే అబద్ధం. వీడియో గ్రూపులో పెట్టలేదు, కానీ తీసెయ్యనూ లేదు, నా ఫోన్‌లోనే ఉంది. అప్పుడప్పుడు తెరుస్తాను. బొమ్మ చూడను. మాస్టర్ విన్నట్టే చెవి దగ్గర పెట్టుకుని, నా నవ్వు వరకు విని ఆపేస్తాను.